ఫేక్ అనేముందు ఆ ఫార్వర్డ్ పుట్టిల్లు వెతకండి

కుటుంబ వాట్సాప్ గ్రూపులో తప్పుడు ఫార్వర్డ్ కింద "ఇది ఫేక్" అని ఒక్క ముక్క రాసేస్తే నమ్మేవాళ్లు తక్కువ. పంపిన పెద్దవాళ్లకు మాత్రం నలుగురిలో చిన్నబుచ్చినట్టు ఉంటుంది. ఏళ్ల తరబడి తిరిగే ఫార్వర్డ్‌లలో చాలావాటికి ఎక్కడో ఒక నిజం ఆధారంగా ఉంటుంది. చదివినవాళ్లను పట్టుకునేది అదే. ఆ నిజం అసలు ఎక్కడిదో చూపించగలిగితే వాదన అక్కర్లేదు.

దీపావళికి వచ్చే ఫొటోనే తీసుకోండి. చీకట్లో రంగురంగుల వెలుగులతో మెరిసే భారతదేశం, కింద "నాసా తీసిన దీపావళి రాత్రి" అని ఉంటుంది. చిత్రం అబద్ధం కాదు, శీర్షికే అబద్ధం. అది ఒక్క రాత్రి తీసిన ఫొటో కాదు. అమెరికా సైనిక వాతావరణ ఉపగ్రహాలు ఏళ్ల పాటు సేకరించిన సమాచారాన్ని కలిపి, నగరాలు ఎలా పెరిగాయో చూపించడానికి అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా శాస్త్రవేత్త ఒకరు చేసిన చిత్రం. తెలుపు 1992కు ముందు నుంచీ ఉన్న దీపాలకు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసగా 1992, 1998, 2003లలో కొత్తగా కనిపించినవాటికి గుర్తు. 2012 నవంబర్ 12న సువోమీ ఎన్‌పీపీ ఉపగ్రహం తీసిన నిజమైన రాత్రి చిత్రాన్ని నాసాయే విడుదల చేసింది. పండగ దీపాల వల్ల పెరిగే వెలుగు అంతరిక్షం నుంచి పోల్చుకోలేనంత తక్కువని కూడా చెప్పింది.

ఇలాంటి ఫొటో మూలం పట్టుకోవాలంటే దాన్ని ఫోన్‌లో సేవ్ చేసి, ఫొటోతోనే వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో తెరవండి. ముందుగా పైన అతికించిన అక్షరాలు, లోగోలు, అంచులు కత్తిరించండి. అవి ఉంటే లెన్స్ అదే ఫార్వర్డ్ కాపీలను తెచ్చి ముందు పెడుతుంది. వందచోట్ల కనిపించినంత మాత్రాన నిజమైపోదు. చూడాల్సింది అన్నిటికంటే పాతది. కంప్యూటర్‌లో వెతికితే టూల్స్‌లోకి వెళ్లి తేదీల పరిధి పెట్టుకోవచ్చు. వీడియో అయితే కదలిక లేని రెండు మూడు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. దుకాణం బోర్డు, బస్సు మీది పేరు, బండి నంబరు కనిపించే ఫ్రేములైతే మంచిది. నంబరు ప్లేటు మీద టీజీ ఉంటే ఆ వీడియో బహుశా 2024 మార్చికి ముందుది కాదు, తెలంగాణలో ఆ కోడ్ అధికారికంగా ఇవ్వడం అప్పుడే మొదలైంది. అంతకు ముందున్న టీఎస్ ఉంటే మాత్రం వీడియో అప్పటిదో ఇప్పటిదో తేలదు, ఆ ప్లేట్లు ఇంకా తిరుగుతున్నాయి. లెన్స్‌కు ఏమీ దొరక్కపోతే అది కొత్త ఫొటో అని అనుకోవద్దు. ఏఐ చేసిన బొమ్మకు పాత కాపీ ఉండదు కదా.

మాటల విషయంలో అడగాల్సిన ప్రశ్న వేరు. ఆ రోజు ఆ మనిషి ఎక్కడున్నాడు? "భారతదేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడు, ఒక్క దొంగ కనబడలేదు" అని 1835 ఫిబ్రవరి 2న ఆంగ్లేయ అధికారి మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడని తిరిగే సందేశం మీరూ చూసి ఉంటారు. మెకాలే 1834 జూన్‌లో మద్రాసులో ఓడ దిగాడు, 1838 దాకా ఇంగ్లండు తిరిగి వెళ్లలేదు. ఓడ ప్రయాణానికే నెలలు పట్టే కాలం. 1835 ఫిబ్రవరి 2న అతను కలకత్తాలో ఉన్నాడు. ఆ తేదీ ఎందుకు అతుక్కుందంటే, భారతదేశంలో విద్య గురించి అతను రాసిన మినిట్ (అధికారిక అభిప్రాయ పత్రం) మీద ఉన్న తేదీ అదే. ఆ మినిట్ పూర్తి పాఠం దొరుకుతుంది. అందులో బిచ్చగాళ్ల మాట లేదు. మంచి యూరోపియన్ గ్రంథాలయంలోని ఒక్క పుస్తకాల అర భారత, అరబ్బు సాహిత్యమంతటికీ సమానమన్న మాట ఉంది. ఈ రెండో సంగతి తప్పకుండా చెప్పాలి. లేకపోతే మీరు మెకాలేను వెనకేసుకొస్తున్నారని గ్రూపులో గొడవ మొదలవుతుంది.

అన్నిటికంటే తొందరపడాల్సింది ఆరోగ్యం ఫార్వర్డ్‌ల విషయంలో. "ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి" అన్నది ప్రాణాలు తీయగల సలహా. దీనికీ ఒక మూలం ఉంది. గుండె రక్తనాళాలకు పరీక్షలు, చికిత్స చేసే ఆస్పత్రి గది క్యాథ్ ల్యాబ్‌లో, మానిటర్ తగిలించి ఉన్న రోగికి గుండె లయ ఒక్కసారిగా తప్పినప్పుడు, స్పృహ పోకముందే డాక్టర్లు దగ్గమంటారు. ఛాతీలో ఒత్తిడి పెరిగి మెదడుకు కొన్ని క్షణాలు రక్తం అందుతుంది. షాక్ ఇచ్చే యంత్రం పక్కనే ఉంటుంది. ఇంట్లో పరిస్థితి అది కాదు. గుండెపోటంటే రక్తనాళం మూసుకుపోవడం. దగ్గితే అది తెరుచుకోదు. గుండె ఆగిపోతే మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు, దగ్గలేడు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా సామాన్యులకు ఈ పద్ధతి సూచించదు. 108కి ఫోన్ చేసి, తలుపు గడియ తీసి కూర్చోవాలి, సొంతంగా బండి నడపకూడదు. పక్కనున్న మనిషి పిలిస్తే పలకక, శ్వాస సరిగా ఆడకపోతే ఛాతీ నడిమధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కాలి.

ఇక జవాబు రాసే తీరు. మొదటి వాక్యంలోనే సరైన విషయం ఉండాలి, తప్పును మళ్లీ చెప్పకూడదు. ఇలా రాయొచ్చు: "పెదనాన్నా, ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108కి చేయాలండీ. దగ్గడం ఆస్పత్రిలో మానిటర్ మీద ఉన్నవాళ్లకు డాక్టర్లు చెప్పేది, ఇంట్లో పనిచేయదు." కింద ఒకే ఒక లింకు చాలు. మూడు లింకులు పెడితే ఎవరూ తెరవరు. చదవడం కష్టమైనవాళ్లుంటే అదే అర నిమిషం వాయిస్‌గా పెట్టండి. ఆ సందేశాన్ని కుడివైపు జరిపి దాని కిందే జవాబివ్వండి, లేకపోతే గుడ్ మార్నింగ్‌ల మధ్య కలిసిపోతుంది. తప్పు ఫొటోను మళ్లీ పంపాల్సి వస్తే దాని మీద అడ్డంగా "తప్పు" అని పెద్దగా రాయండి. రాయకపోతే మీరు పంపినదే మరో గ్రూపుకు చేరుతుంది.

మెకాలే, దీపావళి లాంటివాటికి పెద్దవాళ్లకు విడిగా చెప్పడమే మర్యాద, వాళ్లే గ్రూపులో సరిదిద్దుతారు. ఆరోగ్యం, డబ్బు సంగతులైతే అంతదాకా ఆగొద్దు, గ్రూపులోనే చెప్పండి. పంపినవాళ్లు అందరికీ కనిపించకుండా తొలగించడానికి వాట్సాప్ ఇచ్చే గడువు సుమారు రెండున్నర రోజులే. అది దాటితే గ్రూపు అడ్మిన్‌ను అడగాలి.