సస్పెన్షన్ ఆర్డరు నుంచి ఎస్ఆర్ (సర్వీస్ రిజిస్టర్) ఎంట్రీ దాకా: నా అనుభవం

పన్ను వసూళ్ల డబ్బు ఆలస్యంగా జమ చేశానని మున్సిపాలిటీలో నన్ను సస్పెండ్ చేశారు. ఆర్డరులో ఆంధ్రప్రదేశ్ సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలు) 1991, 8వ రూల్ అని ఉంది. రూల్స్ లెక్కన సస్పెన్షన్ శిక్ష కాదు. అయినా ఆ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఛార్జి అప్పగించేటప్పుడు రసీదు బుక్కులు, చిట్టా, చలానాలు నంబర్లతో సహా జాబితా రాసి, తీసుకున్నవారి సంతకంతో ఒక కాపీ దగ్గర పెట్టుకోవాలి. మర్నాటి నుంచి ఆ బీరువా మన చేతిలో ఉండదు.

డబ్బు సంగతి. ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్స్, అంటే జీతం, సెలవుల నియమాలు) 53 కింద సబ్సిస్టెన్స్ అలవెన్స్, అంటే సస్పెన్షన్‌లో ఇచ్చే జీవన భృతి, హక్కు, ఎవరి దయా కాదు. అర్ధజీతపు సెలవుకు వచ్చే మొత్తం, దాని మీద డీఏ ఇస్తారు. మూల వేతనం 40,000 అయితే 20,000, ఆపైన డీఏ. సస్పెన్షన్ మూడు నెలలు దాటాక, ఆ ఆలస్యం మన వల్ల కాకపోతే ఆ 20,000కు మరో సగం దాకా, అంటే 10,000 వరకు పెంచవచ్చు. పెంచమని మనమే అర్జీ పెట్టాలి. సెక్షన్‌లో ఎవరికీ దానంతట అది గుర్తు రాదు. వేరే ఉద్యోగం, వ్యాపారం చేయడం లేదన్న సర్టిఫికెట్ నెలనెలా ఇవ్వాలి. అది అందకపోతే బిల్లు ఆగుతుంది. తపాలులో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

ఛార్జ్ మెమోతో (అభియోగ పత్రంతో) నాలుగు అనుబంధాలు వస్తాయి: అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా. మూడు నెలల్లో మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగకూడదని అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. నాకు అంతకు ముందే వచ్చింది.

జవాబుకు 10 రోజులు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పెద్దాయన కాళ్లావేళ్లా పడదాం, కరిగిపోతాడు అనుకుని ‘పొరపాటు మన్నించగలరు’ అని రాసిస్తారు. ఫైల్లో అది నేరం ఒప్పుకున్నట్టే చదువుతారు. నేను ముందు పత్రాలు చూసుకోవడానికి అనుమతి కోరి, అందుకు గడువు పొడిగించమని రాశాను. ఏదైనా పత్రం ఇవ్వం అంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి.

నా మీద నాలుగు రసీదుల అభియోగం. మూడింటి డబ్బు శుక్రవారం సాయంత్రం వసూలై సోమవారం చలానాలో పడింది. మధ్యలో రెండో శనివారం, ఆదివారం, బ్యాంకు లేదు. రసీదు తేదీ, చిట్టా పేజీ, చలానా తేదీ పక్కపక్కన మూడు గళ్లలో పెట్టి చూపించాను. నాలుగోది నిజంగానే ఒక రోజు ఆలస్యం. దాన్ని దాచలేదు. దాచి ఉంటే మిగతా మూడూ నమ్మేవారు కాదు.

ఎంక్వైరీలో డిఫెన్స్ అసిస్టెంటుగా, అంటే మన తరఫున మాట్లాడే సహాయకుడిగా, తోటి ఉద్యోగిని పెట్టుకోవచ్చు. ప్రెజెంటింగ్ ఆఫీసర్ (ఆఫీసు తరఫున అభియోగాలు వినిపించే వ్యక్తి) లాయరైతేనో, అధికారి అనుమతిస్తేనో తప్ప మనకు లాయరు ఉండరు. నేను పెట్టుకున్నది రిజిస్టర్లు తెలిసిన సీనియర్ అసిస్టెంటుని. ప్రతి వాయిదాకూ సంతకం పెట్టేముందు ఆ రోజు నమోదు చేసిన కాగితం మొత్తం చదవాలి. ఒకసారి ‘సాక్షిని ప్రశ్నించడానికి ఉద్యోగి నిరాకరించారు’ అని రాశారు. నేను అడిగింది పత్రం వచ్చాక ప్రశ్నిస్తానని. అక్కడికక్కడే దిద్దించాను.

ఎంక్వైరీ నివేదిక కాపీ ఇవ్వకుండా శిక్ష వేయకూడదు. 1993లో ఈసీఐఎల్, కరుణాకర్ కేసులో తేలిన విషయమిది. నివేదిక మీద అభ్యంతరాలకు 15 రోజులిచ్చారు. మూడు అభియోగాలు వీగిపోయాయి, నాలుగోదానికి సెన్షూర్ (అభిశంసన అనే చిన్న శిక్ష) వేశారు.

తిరిగి చేర్చుకున్న ఆర్డరులో సస్పెన్షన్ కాలం గురించి ఒక్క ముక్క లేదు. ఆ సంతోషంలో ఇది వదిలేస్తే ఇంక్రిమెంటు, పెన్షన్ సర్వీసు రెండూ చిక్కుల్లో పడతాయి. ఎఫ్ఆర్ 54-బి ప్రకారం ఆ కాలాన్ని ఎలా లెక్కిస్తారో ఆర్డరులోనే చెప్పాలి. పూర్తి జీతం ఇవ్వకూడదనుకుంటే ముందు నోటీసు ఇచ్చి మన మాట వినాలి. ఆ రూల్ చూపించి అర్జీ పెట్టాక ఆ కాలాన్ని డ్యూటీగా పరిగణిస్తూ విడిగా ఆర్డరు వచ్చింది. దాని నంబరు, తేదీ ఎస్ఆర్‌లో ఎర్ర సిరాతో ఎక్కించి సంతకం పెట్టేదాకా గుమాస్తా బల్ల దగ్గరే నిలబడ్డాను.