అంజూరపు ముద్ద

సాయంత్రం పూట కాసే జ్వరం, తెరలుగా వచ్చే దగ్గు వారాల తరబడి వదలకపోవడంతో ఒంగోలులో గళ్ల (కఫం) పరీక్ష చేయించుకున్నాను. క్షయ అని తేలింది. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు రకాలు రోజూ వేసుకోవాలని, వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం ఎర్రగా వచ్చినా భయపడవద్దని చెప్పి పంపారు.

రెండో నెల నిండకముందే జ్వరం పోయింది, అన్నం సయించింది. అప్పుడు మా క్రైస్తవ సంఘంలో నన్ను కన్నకొడుకులా చూసే పెద్దమ్మ ఒకావిడ, "దేవుడు ముట్టి బాగుచేశాడు గదా నాయనా, ఇంకా ఆ బిళ్లలెందుకు?" అంది. నా కోసం ఉపవాసముండి ప్రార్థించిన మనిషి మాటను తేలిగ్గా తీసివేయలేకపోయాను. అయితే ఒంట్లో బాగుందని మధ్యలో మానేస్తే, మిగిలిన క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయని ఆసుపత్రిలో గట్టిగా చెప్పి ఉన్నారు.

బైబిల్లో యెషయా గ్రంథం 38వ అధ్యాయం తీశాను. మరణకరమైన రోగంతో ఉన్న హిజ్కియా రాజు గోడవైపు ముఖం తిప్పుకొని కన్నీళ్లతో ప్రార్థిస్తే, దేవుడు అతని ఆయుష్షుకు 15 సంవత్సరాలు కలిపాడు. ఇంతవరకు ప్రసంగాల్లో తరచుగా వింటాం. అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమని యెషయా ప్రవక్తే చెప్పిన 21వ వచనం మాత్రం ఎందుకో తక్కువగా వినిపిస్తుంది, అది నాకు విచారం కలిగిస్తుంది. ఆయుష్షు ఇస్తానని మాట ఇచ్చిన దేవుని ప్రవక్తే కట్టు కట్టించాడు. దానివల్ల రాజు విశ్వాసం తగ్గిందని లేఖనం అనలేదు.

మా ఒంగోలు చరిత్రలోనూ నాకు ఇదే కనిపిస్తుంది. 1854 జనవరి 1న మిషనరీలైన జూయెట్ దొర దంపతులు, తెలుగు విశ్వాసులు కొందరు ఇక్కడి కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. 1866లో క్లౌ దొర అనే మిషనరీ వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పనీ కూలీ దొరికేలా చూశాడు. మట్టి తట్టలు మోసి, ఆ కూలితో కొన్న గింజలను కూడా ఆ విశ్వాసులు దేవుడిచ్చిన అన్నమనే తిని ఉంటారని నా నమ్మకం.

పెద్దమ్మకు ఆ వచనం చదివి వినిపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని మళ్లీ తనే చదువుకుంది. అప్పటినుంచి పొద్దున్నే ఫోన్ చేసి, "బిళ్లలు వేసుకున్నావా నాయనా?" అని అడిగి, ఆ తరువాతే ప్రార్థన చేసేది. ఆరు నెలలూ పూర్తయ్యాక గళ్లలో క్రిములు లేవని రిపోర్టు వచ్చింది. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పినప్పుడు, దేవునికి స్తోత్రం చెల్లించి, నాకు మందులు అందించిన ఆరోగ్య కార్యకర్త పేరు కూడా చెప్పాను.