నలభై ఇళ్ళ సంఘంలో క్రిస్మస్: నవంబరు నుంచి చేసుకోవాల్సిన పనులు

నలభై, యాభై ఇళ్ళున్న పల్లెటూరి సంఘంలో క్రిస్మస్ పనులు డిసెంబరులో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. నవంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, యూత్, సండే స్కూలు టీచర్లు ఒక అరగంట కూర్చోవాలి. అక్కడ ముందుగా తేల్చుకోవాల్సింది అలంకరణా కాదు, విందూ కాదు. పాస్టరు గారు మన ఊరికి ఏ రోజు, ఏ గంటకు వస్తారన్నది తేలాలి. చాలా చోట్ల ఒక పాస్టరేటు కింద నాలుగైదు ఊళ్ళుంటాయి, అయ్యగారు మాత్రం ఒక్కరే. ఉపదేశి గారు, అంటే అభిషేకం లేని సంఘ బోధకులు, ఆరాధన నడపగలరు, వాక్యం చెప్పగలరు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇవ్వాలంటే మాత్రం అభిషేకం పొందిన పాస్టరు గారే రావాలి. 25న తెల్లవారుజామున 5 గంటలకు ఒక ఊరు, 8కి ఇంకో ఊరు, 11కి మరొకటి అని పంచుకుంటే చివరి ఊరికి మధ్యాహ్నం దాటిపోతుంది. మనది చివరి ఊరైతే ఉదయం ఆరాధన ఉపదేశి గారితో కానిచ్చేసి, బల్ల ఆయన వచ్చాక పెట్టుకోవడమే మేలు. చంటిబిడ్డల తల్లుల్నీ ముసలివాళ్ళనీ ఉదయం నుంచి రెండింటి దాకా ఆకలితో కూర్చోబెట్టడం భక్తి కాదు. పైగా ఆ గంట తెలిస్తేనే విందు పొయ్యి ఎప్పుడు వెలిగించాలో తెలుస్తుంది.

రెండోది మైకు సెట్టు, షామియానా, వంటపాత్రలు. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలయ్యాక హిందువుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి సామాను ఖాళీగా ఉంటుందనుకుంటారు. కానీ ఆ రోజుల్లోనే చుట్టుపక్కల సంఘాలన్నీ సెమీ క్రిస్మస్ (25కి ముందే జరిపే క్రిస్మస్ కూడిక) పెట్టుకుంటాయి, ఉన్న సామాను కోసం అందరూ ఆ ఒక్క షాపుకే వెళతారు. నవంబరులోనే బయానా ఇచ్చి, తేదీ రాసిన చీటీ తీసుకోండి. సెమీ క్రిస్మస్ తేదీ పెట్టేముందు పక్క ఊరి సంఘాన్ని కూడా ఒక మాట అడగాలి. ఇద్దరూ ఒకే రాత్రి పెట్టుకుంటే రెండు చోట్లా సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆగమన ఆదివారాల సంగతి సంఘాన్ని బట్టి ఉంటుంది. 1842లో మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషను సంఘాల్లోనూ, 1947లో ఏర్పడిన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘాల్లోనూ, కతోలిక గుళ్ళలోనూ వారానికొకటి చొప్పున నాలుగు కొవ్వొత్తులు వెలిగించే ఆచారం ఉంటుంది. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో ఇది సాధారణంగా కనిపించదు. మొదటి ఆగమన ఆదివారం ఎప్పుడూ నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్యే పడుతుంది.

ఇక నక్షత్రం. బజారులో కొన్న కాగితం నక్షత్రం మార్గశిరం మంచుకు మూడో రాత్రికే జారిపోతుంది. వెదురుతో చట్రం కట్టుకుంటే నాలుగేళ్ళు వాడుకోవచ్చు, ఏటా కాగితం మారిస్తే చాలు. మూడడుగుల నక్షత్రానికి 36 అంగుళాల పొడవు, అర అంగుళం వెడల్పు ఉన్న బద్దలు 10 కావాలి, 7 అంగుళాల పుల్లలు 5 కావాలి. ప్రతి బద్ద మీదా రెండు చివరల నుంచి 13¾ అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి, మధ్యలో 8½ అంగుళాలు మిగులుతుంది. ఐదు బద్దల్ని ఒకటి పైనుంచీ ఒకటి కిందనుంచీ అల్లినట్టు పోనిచ్చి, గుర్తులు కలిసే చోట కడితే ఐదు కొమ్ములూ సమానంగా వస్తాయి. కంటి అంచనాతో కడితే తప్పకుండా ఒక కొమ్ము సాగి, ఒక కొమ్ము కురచగా తేలుతుంది. ఇలాంటివి రెండు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొమ్ముల చివరలు మాత్రమే కలిపి కట్టాలి. తర్వాత లోపలి ఐదు ముడుల దగ్గరా 7 అంగుళాల పుల్లలు నిలబెడితే నడుము ఉబ్బి నక్షత్రం నిండుగా అవుతుంది. బిగువంతా ఆ పుల్లల దగ్గరే పడుతుంది కాబట్టి అక్కడ పురికొస చాలదు, బైండింగ్ వైరు వాడండి. పచ్చి వెదురైతే ఎండాక సన్నబడి ముడులు వదులవుతాయి. బాగా ఎండిందైతే నడుము ఉబ్బించేటప్పుడు ఫట్టున విరుగుతుంది. ఎండిన బద్దల్నే తెచ్చి సగం రోజు నీళ్ళలో నానబెట్టడం సరైన పద్ధతి.

పైన రంగు గాజు కాగితం (సెల్లోఫేన్) అంటించండి. మైదా జిగురు మంచుకు కరిగిపోతుంది, ఫెవికాల్ అంతకంటే నిలుస్తుంది. కింది కొమ్ముల మధ్య ఒక పక్క కాగితం అంటించకుండా వదిలేస్తే బల్బు పెట్టడానికి దారి ఉంటుంది, లోపల చేరిన మంచు నీరు కారిపోతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. పాత 60 వాట్ల బల్బు వేడికి గాజు కాగితం ముడుచుకుపోతుంది, కాగితానికి తగిలితే అంటుకుంటుంది కూడా. నక్షత్రం బరువు తాడు మీద ఉండాలి గానీ కరెంటు వైరు మీద ఉండకూడదు. కింది రెండు కొమ్ములకూ తాళ్ళు కట్టి గుంజలకు బిగిస్తే గాలికి గింగిరాలు తిరగదు. తిరిగిన కొద్దీ హోల్డరు దగ్గర వైరు మెలిపడి తెగుతుంది. అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇంకొకటుంది. నక్షత్రం గడను కరెంటు లైనుకు దగ్గర్లో ఎప్పుడూ లేపకండి. మంచుకు తడిసిన వెదురులో కరెంటు పారుతుంది. గడ ఎంత పొడవో కొలిచి, అది ఏ పక్కకు పడినా తీగలకు తగలనంత దూరంలో గొయ్యి తవ్వండి.

క్రిస్మస్ కాలంలో మనసు పెట్టాల్సిన పని ఏదంటే ఇంటింటికీ వెళ్ళి పాడే క్యారల్స్ రౌండ్సే. 25న గుడికి రాలేనివాళ్ళ గడప దగ్గరికి సంఘం నడిచి వెళ్ళేది ఈ రాత్రుల్లోనే. లెక్క ఇలా వేసుకోండి. ఒక పాట పల్లవితో రెండు చరణాలు, ఒక వాక్యం, చిన్న ప్రార్థన, శుభాకాంక్షలు, అన్నీ కలిపి ఇంటికి పది నిమిషాలు. 45 ఇళ్ళకు ఏడున్నర గంటలు. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, 15 ఇళ్ళ చొప్పున మూడు రాత్రులు పెట్టుకోవాలి. ప్రతి ఇంట్లోనూ టీ తాగితే పది నిమిషాలు ఇరవై అవుతాయి, చివరి ఇళ్ళ పిల్లలు ఎదురుచూసి నిద్రపోతారు. అందుకే ఏ రాత్రి ఏ రెండిళ్ళలో టీ అన్నది ముందే చెప్పేయండి. మిగతా ఇళ్ళవాళ్ళు నొచ్చుకోకుండా ఏటా ఇళ్ళు మార్చండి.

ఆరు గంటలకే బయల్దేరితే సగం ఇళ్ళకు తాళాలుంటాయి. డెల్టాలో కోతలూ కుప్పనూర్పిళ్ళూ, మెట్టలో పత్తి తీతలూ జరిగే రోజులవి. కూలికి వెళ్ళిన అమ్మలు ఇల్లు చేరి పొయ్యి వెలిగించే సరికి ఏడవుతుంది. ఏడింటికి మొదలుపెట్టి, రెండిళ్ళ టీతో కలిపి పదింటిలోపు ముగించండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడకూడదు. అసలు క్యారల్స్‌కు మైకు అవసరమే లేదన్నది నా గట్టి అభిప్రాయం. డోలక్, కంజీర, రెండు జతల తాళాలుంటే పది గొంతుల పాట వీధి చివరికి వినిపిస్తుంది. తోలు వాయిద్యాలు మంచుకు మెత్తబడి మోగవు. డప్పు ఉంటే ప్రతి నాలుగైదు ఇళ్ళకు ఒకసారి గడ్డి మంట దగ్గర కాచుకోవాలి, మరీ దగ్గరగా పెడితే తోలు పగులుతుంది. శ్రుతి విషయంలో అందరూ చేసే పొరపాటు పల్లవిని హుషారుగా పైనుంచి ఎత్తుకోవడం. చరణం పైకి వెళ్ళేసరికి మగవాళ్ళ గొంతులు పడిపోతాయి, పిల్లలు అరుస్తారు. చరణంలో అన్నిటికంటే పై స్వరం పాడిచూసుకుని, అది హాయిగా అందిన చోటు నుంచి పల్లవి ఎత్తుకోండి. మూడు రాత్రులూ గొంతు నిలుస్తుంది.

ఆ ఏడు చావు జరిగిన ఇంట్లో పండగ చేసుకోరు కదా అని ఆ గడప దాటిపోతుంటారు. దాటకూడదు. వీధి మొదట్లోనే వాయిద్యాలు ఆపేసి, లోపలికి వెళ్ళి కూర్చుని, నెమ్మదిగా ఒక్క కీర్తన పాడి ప్రార్థన చేసి రావాలి. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు మొదటి రాత్రే వెళ్ళండి, మూడో రాత్రికి జట్టు అలిసిపోతుంది. హైదరాబాదు, బెంగళూరు నుంచి పిల్లలు వచ్చే ఇళ్ళు చివరి రాత్రికి పెట్టుకోవచ్చు. కానుక డబ్బా తాళంచెవి ఒకరి దగ్గర, డబ్బా ఇంకొకరి దగ్గర ఉండాలి. ఏ రాత్రి లెక్క ఆ రాత్రే ఇద్దరు లెక్కపెట్టి పుస్తకంలో సంతకాలు చేయాలి.

క్యారల్స్ జట్టుకు, పిల్లలకు పంచడానికి గులాబీ పువ్వులనే పిండివంట బాగుంటుంది, డబ్బాలో పది రోజులు నిలుస్తుంది. ఒక గ్లాసు మైదా, ఒక గ్లాసు బియ్యప్పిండి, ముప్పావు గ్లాసు పంచదార పొడి, రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు, నువ్వులు. చిక్కటి కొబ్బరిపాలు గ్లాసున్నరకు కొంచెం అటూ ఇటూగా పోస్తూ గరిటెకు పల్చగా పట్టుకునేలా కలపాలి. అచ్చును నూనెలోనే ఉంచి కాచి, ముప్పావు వంతు మాత్రమే పిండిలో ముంచండి. పైదాకా మునిగితే పిండి అచ్చును చుట్టేసుకుని పువ్వు ఊడిరాదు. అచ్చు చల్లగా ఉంటే పిండి అతుక్కుపోతుంది, మరీ కాలితే పట్టకుండా జారిపోతుంది. కొత్త అచ్చును ముందు రోజు రాత్రి నూనెలో నానేయండి. పంచదార ఎక్కువైతే పువ్వు త్వరగా నల్లబడుతుంది, మర్నాటికి మెత్తబడుతుంది.

పిల్లల నాటికకు పావుగంట మించకూడదు. చిన్న సంఘంలో ఉండేవి రెండు మైకులు, నాటికలో ఉండేది పన్నెండు మంది. మైకు చేతులు మారే లోపు మాట పోతుంది. లూకా సువార్త 2వ అధ్యాయం, మత్తయి 2వ అధ్యాయం స్పష్టంగా చదవగలిగే ఇద్దరు పెద్ద పిల్లల్ని మైకుల దగ్గర నిలబెట్టి, మిగతావాళ్ళు మాటలు లేకుండా నటిస్తే చివరి వరసకు కూడా కథ అందుతుంది. గొర్రెల కాపరులకు గొంగళ్ళు ఊళ్ళోనే దొరుకుతాయి. జ్ఞానులు ముగ్గురే అని బైబిల్లో లేదు కాబట్టి పిల్లలు ఎక్కువుంటే ఐదుగురిని పెట్టుకోవచ్చు, ఎవరినీ కింద కూర్చోబెట్టనక్కర్లేదు.

యేసు పుట్టుకను చూపే పశువుల పాకకు వరిగడ్డి వాడతాం కాబట్టి లోపల కొవ్వొత్తి వద్దు, సీరియల్ బల్బుల అతుకులు గడ్డికి తగలనివ్వద్దు. 17న మట్టి మూకుళ్ళలో మెంతులు చల్లితే 24 నాటికి పాక ముందు పచ్చగా ఉంటుంది.

అందరూ కలిసి తినే ప్రేమ విందు దగ్గరే డబ్బూ పరువూ రెండూ ఖర్చయ్యేది. పెద్దా చిన్నా కలిపి 200 మందికి బియ్యం 30 కిలోలు, ఎముకతో కోడిమాంసం 35 కిలోలు, పప్పుచారుకు కందిపప్పు 4 కిలోలు, పెరుగు 15 లీటర్లు, తాగేనీళ్ళు 20 లీటర్ల డబ్బాలు పది, విస్తళ్ళు 220. కోడికూరకు ఉల్లిపాయలు 7 కిలోలు, అల్లం వెల్లుల్లి ముద్ద 1¾ కిలో, కారం 800 గ్రాములు, ధనియాల పొడి అర కిలో, నూనె మూడున్నర లీటర్లు. ఉప్పు ముందు 600 గ్రాములే వేసి, ముక్క ఉడికాక రుచి చూసి సరిచేయండి. కోడి నీరు వదులుతుంది, సగం ఉడికేదాకా నీళ్ళు పోయకండి.

డిసెంబరులో కొత్త బియ్యం కానుకగా వస్తాయి. వాటితో అన్నం వండితే ముద్దవుతుంది. కొత్త బియ్యం పరమాన్నానికి ఉంచి, అన్నానికి నిరుటి బియ్యమే తెప్పించండి. 30 కిలోలూ ఒకే గుండిగలో వేస్తే పైబరువుకు అడుగు చిమిడిపోతుంది, పైన పలుకుంటుంది. పది కిలోల చొప్పున మూడుసార్లు వండి వార్చాలి. మాంసం 24 సాయంత్రం కొని రాత్రంతా గిన్నెల్లో ఉంచకండి. షాపులో ముందు రోజు చెప్పి, 25 ఉదయమే కోయించి తేవాలి. ఊళ్ళో ముస్లిం కుటుంబాలను పిలుస్తారు కాబట్టి హలాల్ షాపులో తీసుకుంటే అందరూ తింటారు. మాంసం తిననివాళ్ళకు పప్పుచారు, వంకాయ కూర ముందుగా వేరే పొయ్యి మీద వండి, గరిటెలు కలవకుండా చూడాలి. అయ్యప్ప మాల వేసుకున్న పొరుగువాళ్ళు మన దగ్గర భోంచేయరు, వాళ్ళ ఇంటికి అరటిపళ్ళు, కమలాలు పంపడం మర్యాద.

వడ్డన ఒంటిగంటకైతే కూర పదకొండున్నరకు దిగాలి. తెల్లవారుజామునే వండి పెట్టిన కూర మధ్యాహ్నానికి పాడవుతుంది. దించిన వెంటనే మూత బిగించినా అంతే, ఆవిరి లోపలే తిరిగి కూర పులుస్తుంది. పల్చటి గుడ్డ కప్పి ఉంచండి.

26 ఉదయం అద్దె పాత్రలు లెక్కపెట్టి అప్పగించాలి. గరిటెలే ఎక్కువగా పోతాయి, వాటిని ముందే రాసుకోండి. జమాఖర్చులు ఆ వచ్చే ఆదివారం సంఘంలో చదివి వినిపిస్తే 31 రాత్రి ఆరాధన ఖర్చుకు మళ్ళీ చేయి చాచడానికి మొహమాటం ఉండదు. నక్షత్రాన్ని జ్ఞానుల పండగైన జనవరి 6 దాటాక దించి, కాగితం చింపేసి, వైరు విప్పి, చట్రాన్ని కట్టెల పొయ్యి ఉన్న ఎవరింట్లోనైనా పొగ తగిలే అటక మీద పెట్టండి. పొగ పట్టిన వెదురును పురుగు ముట్టదు.