రొయ్యల గుంటల రిపోర్టులతో ఇంగ్లీష్ యాడ్‌వెర్బులు ఎట్టా పట్టుకున్నానంటే (నా అనుభవం)

నాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట సైడు, వనామీ రొయ్యల గుంటల మీద టెక్నీషియన్‌గా చేస్తుండా. సాయంత్రం అయ్యేసరికి గుంట గుంటకీ ఇంగ్లీష్‌లో రిపోర్టు పెట్టాలి, పైన చూసే సారు చెన్నైలో ఉంటారు, ఆయనకి తెలుగు రాదు. టెన్సులు అవీ వచ్చు, వాక్యం నిలబడతది, కానీ ఎంత, ఎట్టా, ఎప్పటినించి అని చెప్పే మాటలు ఉన్నాయే, ఆ యాడ్‌వెర్బులు చేతికి రావడానికి టైం పట్టింది. బేసిక్స్ దాటి ఇంటర్మీడియెట్‌లో ఆగినోళ్ళకి పనికొస్తదని రాస్తుండా.

ముందు వెరీ, టూ. తెల్లారుజామున గుంటలో డీఓ, అంటే నీళ్ళలో కరిగుండే ఆక్సిజన్, పడిపోతది, రాత్రి ఎండ ఉండదు కాబట్టి ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే కంటికి ఆనని జీవాలు) ఆక్సిజన్ తయారు చెయ్యదు, పీల్చుకోవడం మాత్రం రొయ్యలూ ప్లాంక్టన్ అన్నీ పీల్చుకుంటానే ఉంటాయి. డీఓ 4 పీపీఎం (లీటరు నీళ్ళకి 4 మిల్లీగ్రాములు) పైన ఉండేటట్టు చూసుకుంటాం. అప్పుడు "ద డీఓ ఈజ్ వెరీ లో" అని రాస్తే చాలా తక్కువుంది అని మాత్రమే. "ద డీఓ ఈజ్ టూ లో" అంటే మరీ తక్కువ, హద్దు దాటింది, ఇట్టా వదిలేస్తే కుదరదు అని. "టూ లో ఫర్ ఫీడింగ్" అని రాశామంటే మేత ఆపమని వేరే చెప్పక్కర్లా. మనకి చాలా, మరీ అని రెండూ ఉన్నాయి గనక ఈ తేడా మన చెవికి తొందరగానే ఎక్కుద్ది. ఎనఫ్ ఒక్కటి గుర్తు పెట్టుకోవాలి, అది గుణం చెప్పే మాటకి వెనకాల వస్తది, "హై ఎనఫ్", అదే వస్తువైతే ముందు, "ఎనఫ్ ఏరేటర్స్" (ఏరేటర్ అంటే నీళ్ళలోకి గాలి కలిపే మిషను).

నాకు అన్నిటికన్నా కష్టమైంది స్టిల్, యెట్. మనం రెండిటికీ "ఇంకా" అనేస్తాం, ఇంకా తింటున్నాయి, మేత లారీ ఇంకా రాలా. ఒంగోల్లో డిగ్రీ చదివే మా అక్క కూతురుకి నేను రాత్రిపూట వాయిస్ మెసేజులు పెట్టేవాణ్ణి, ఇంగ్లీష్‌లో ఆ రోజు పనంతా చెప్పి. ఆ పిల్లే విడదీసి చెప్పింది. "మామా, జరుగుతానే ఉంటే స్టిల్, దే ఆర్ స్టిల్ ఈటింగ్. జరగలేదు అన్నా, జరిగిందా అని అడిగినా యెట్, చివర పెట్టు, ద లారీ హాజ్ నాట్ కమ్ యెట్." మరి ద లారీ స్టిల్ హాజ్ నాట్ కమ్ అంటారు కదమ్మా అంటే, అదీ కరెక్టే మామా, కాకపోతే అందులో విసుగుంది, ఇంతసేపైనా రాలేదేంది అని, అప్పుడు స్టిల్ హాజ్ కన్నా ముందు పెట్టాలి అంది. ఇంత చక్కగా నాకు ఎవరూ చెప్పలా. ఇంకో మాట కూడా చెప్పింది, యెస్టర్డే వచ్చిందంటే హావ్ తీసెయ్, "ఐ చెక్డ్ ఇట్ యెస్టర్డే" చాలు అని.

ఎట్టా చేశాం అని చెప్పేవి చాలావరకు తేలికే, మనం నెమ్మది పక్కన గా పెట్టినట్టు వాళ్ళు స్లో పక్కన లీ పెడతారు. ఫాస్ట్‌కి లీ లేదు. హార్డ్‌కి ఉంది కానీ అర్థమే మారిపోతది, హార్డ్ అంటే కష్టపడి, హార్డ్లీ అంటే దాదాపు లేనట్టే. "ద ష్రింప్ హార్డ్లీ టచ్డ్ ద ఫీడ్" అంటే చెక్ ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి గుంటలో దించే ట్రే) వేసిన మేత వేసినట్టే ఉంది అని, లేదు అనే అర్థం అందులోనే ఉంది గనక మళ్ళీ నాట్ పెట్టకూడదు. లేట్, లేట్లీ కూడా అంతే, లేట్లీ అంటే ఈమధ్య.

ఎక్కడ పెట్టాలి అనేది వేరే సాధన. తెలుగులో క్రియ చివర్న కాబట్టి "ట్రేలు జాగ్రత్తగా చూశాం" అంటాం, జాగ్రత్తగా అనేది ట్రేలకీ చూడ్డానికీ మధ్యలో కూర్చుంటది. ఇంగ్లీష్‌లో ఆ మధ్యలోకి దాన్ని రానియ్యరు, "వి చెక్డ్ ద ట్రేస్ కేర్‌ఫుల్లీ" అనాలి. వరస కూడా మామూలుగా ఎట్టా, యాడ, ఎప్పుడు, ఈ ప్రకారం, "దే ఏట్ వెల్ ఇన్ పాండ్ ఫోర్ దిస్ మార్నింగ్". ఆల్వేస్, యూజువల్లీ లాంటివి మామూలు క్రియకి ముందు, ఈజ్ ఆర్ ఉంటే వాటి తర్వాత.

నేను చేసిన సాధన ఏందంటే, పాత రిపోర్టు తీసి యాడ్‌వెర్బులన్నీ కొట్టేసి చదివేది. సారు చెయ్యబోయే పని మారేటట్టుంటే ఆ మాట మళ్ళీ పెట్టేది, మారకపోతే వదిలేసేది. వెరీలు సగానికి సగం పోయినాయి, స్లైట్లీ, హార్డ్లీ, స్టిల్ నిలబడినాయి. క్వైట్ మాత్రం రిపోర్టులో అసలు వాడను, బ్రిటిష్ వాళ్ళకి చాలాసార్లు అది ఒక మోస్తరుగా అని, అమెరికా వాళ్ళకి ఎక్కువగా బాగానే ఎక్కువ అని, అట్టాంటి చోట డీఓ మీటర్లో ఎంత చూపిస్తే ఆ నంబరే రాస్తుండా.