అండమాన్, నికోబార్: ఒకే భూకంపానికి లేచిన తీరం, మునిగిన తీరం

బంగాళాఖాతం పటంలో బర్మా నైరుతి కొస నుంచి సుమత్రా వాయవ్య కొస వరకు ఒక వంపు గీత గీస్తే, అండమాన్, నికోబార్ దీవులు దాదాపుగా ఆ గీత మీదనే వరుసగా కనిపిస్తాయి. ఇది కాకతాళీయం కాదు. మయన్మార్‌లోని అరకాన్ యోమా పర్వతశ్రేణి దక్షిణానికి సాగుతూ సముద్రంలోకి దిగిపోయింది. దాని శిఖరాల్లో నీటికి పైన మిగిలినవే ఈ దీవులు. పాత పుస్తకాలు వీటి సంఖ్యను 572గా చెబుతాయి. ఇటీవలి ప్రభుత్వ లెక్క, చిన్నాచితకా రాతి తిప్పలను కూడా కలుపుకుని, 836 అంటుంది. నీటి అడుగున ఉన్నది ఒకే శ్రేణి అయినప్పుడు పైకి తేలిన ముక్కలను లెక్కపెట్టడం ఎలాగూ కొంత మన ఇష్టాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, ఈ తేడాను నేను పెద్దగా పట్టించుకోను. మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. జనం నివసించే దీవులు నలభైకి లోపే.

ఉత్తరాన అండమాన్‌కు, దక్షిణాన నికోబార్‌కు నడుమ సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున టెన్ డిగ్రీ ఛానల్ ఉంది. పదో అక్షాంశం దాని గుండా పోతుంది కనుక ఆ పేరు. అండమాన్‌లో అత్యున్నత శిఖరం 732 మీటర్ల శాడిల్ పీక్. గ్రేట్ నికోబార్‌లో 642 మీటర్ల మౌంట్ థులియర్. కార్ నికోబార్ మాత్రం పగడపు రాతితో ఏర్పడిన చదునైన నేల. రెండు రుతుపవనాలూ తాకడం వల్ల ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వరకు వర్షం పడుతుంది, అయినా వేసవిలో మంచినీటికి కటకట తప్పదు. దీవులు సన్నగా, నిట్రంగా ఉండడంతో వాగులు పుట్టిన కాసేపటికే సముద్రంలో కలుస్తాయి. ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్, గ్రేట్ నికోబార్‌లోని గలాతియా వంటి కొన్నిటిని మాత్రమే నదులు అనగలం.

ఈ ప్రధాన వరుసకు తూర్పున మరో వరుస ఉంది, అది అగ్నిపర్వతాలది. దానిలో నీటిపైకి వచ్చినవి రెండే: నిద్రాణంగా ఉన్న నార్కొండం, నేటికీ నిప్పు కక్కే బ్యారెన్. బ్యారెన్ ద్వీపం నూట యాభై ఏళ్లకు పైగా మౌనంగా ఉండి 1991లో మళ్లీ బద్దలైంది, ఆ తరువాత కూడా పలుమార్లు పొగ, లావా వెలువరించింది. భారతదేశంలో క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం ఇదొక్కటే.

రెండు వరుసలకూ కారణం ఒక్కటే. భూమి పైపొర పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది. వాటిలో భారత పలక ఈ దీవులను మోస్తున్న బర్మా పలక కిందికి దూరుతోంది. దూరే చోట, అంటే దీవులకు పశ్చిమాన, సముద్రగర్భంలో లోతైన అగడ్త ఉంది. రెండు పలకలు ఒరుసుకుని బిగుసుకుపోయినంత కాలం, పై పలక అంచు కిందికి లాగబడుతుంది. దానికి వెనుక ఉన్న భాగం కొద్దికొద్దిగా పైకి ఉబుకుతుంది. బిగువు తెగిన క్షణాన, వంచి పట్టుకున్న వెదురు బద్దను వదిలినట్లు అంచు పైకి ఎగురుతుంది, వెనుక భాగం దిగబడుతుంది. 2004 డిసెంబర్ 26న జరిగింది ఇదే. సుమత్రా దగ్గర మొదలైన ఆ చీలిక ఉత్తరంగా సుమారు 1,300 కిలోమీటర్లు పాకి, ఈ దీవుల పొడవునా పోయింది.

సునామీ గురించి అందరికీ తెలుసు. నేల మట్టమే శాశ్వతంగా మారిందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారం పొందలేదు. అగడ్తకు దగ్గరగా ఉన్న ఉత్తర అండమాన్ పశ్చిమ తీరమూ, ఇంటర్‌వ్యూ ద్వీపమూ, నార్త్ సెంటినెల్ ద్వీపమూ ఒక మీటరు, కొన్నిచోట్ల అంతకు మించి పైకి లేచాయి. ఆటు సమయంలో కూడా నీటిలోనే ఉండే పగడపు దిబ్బలు గాలికి తేలి, ఎండకు చచ్చి తెల్లబడ్డాయి. అగడ్తకు దూరంగా ఉన్న పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) సుమారు ఒక మీటరు కుంగింది. నికోబార్ దీవులన్నీ అలాగే కుంగాయి. దేశపు దక్షిణ కొస అయిన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగబడింది, అంతకు ముందు నేల మీద నిలిచిన అక్కడి లైట్‌హౌస్ మొదలు నీట మునిగింది.

మడ అడవుల సంగతి నన్ను మరీ ఆలోచింపజేస్తుంది. పోటు వచ్చి తడిపి, ఆటుతో వెనక్కి తీసే నేల మీదనే ఆ చెట్లు బతుకుతాయి. లేచిన తీరంలో పోటు అందక ఎండిపోయాయి. దిగిన తీరంలో ఆటుకు కూడా నీరు తీయక కుళ్లిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ సమీపంలోని సిప్పీఘాట్ దగ్గర వరి పండిన పొలాల్లోకి ప్రతి పోటుకూ ఉప్పునీరు రావడం మొదలై, గట్లు కరిగి, ఆ మళ్లు కొంగలూ ఉల్లంకి పిట్టలూ మేసే చిత్తడిగా మారిపోయాయి. రైతుకు అది పోయిన భూమి. పక్షులను చూడవచ్చేవారికి కొత్త చోటు.

గ్రేట్ నికోబార్‌లోని గలాతియా అఖాతంలో భారీ కంటైనర్ ఓడరేవు కట్టాలన్న ప్రణాళికకు 2022లో పర్యావరణ అనుమతి లభించింది. అక్కడ గుడ్లు పెట్టే తోలువీపు తాబేళ్ల గురించీ, నరకబోయే అడవి గురించీ, ఆ దీవి ఆదివాసులైన షోంపెన్ల గురించీ జరుగుతున్న వాదం న్యాయమైనదే. దానితో పాటు నేల మట్టం గురించీ అంతే గట్టిగా అడగాలని నా అభిప్రాయం. 2004లో ఆ అఖాతపు ఇసుక తీరం కుంగి కొట్టుకుపోయింది, తరువాతి ఏళ్లలో ఇసుక మళ్లీ చేరి తాబేళ్లు తిరిగి వచ్చాయి. తీరం ఎక్కడికి జరిగితే తాబేలు అక్కడికి వెళ్లగలదు గానీ, కాంక్రీటు పోసి కట్టిన ఓడరేవు గట్టు ఒకే మట్టాన్ని నమ్ముకుని ఉంటుంది.