ఆగని లూపు, అరచేతిలో రాసుకున్న చిరునామా

మా మేనల్లుడు విజయవాడలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మొన్న ఆదివారం గుంటూరు వచ్చినప్పుడు, బ్రాడీపేటలోని మా ఇంటి ముందుగదిలో ల్యాప్‌టాప్ తెరిచి, "మావయ్యా, ఐదుసార్లు తిరిగి ఆగాల్సిన లూపు ఎంతకీ ఆగడం లేదు" అన్నాడు. లైనక్స్ మీద 64 బిట్ల అసెంబ్లీలో, అంటే ప్రాసెసరు ఆదేశాలనే ఒక్కొక్కటిగా రాసే భాషలో, రాసిన పది పంక్తుల ప్రోగ్రాం అది. విజయవాడ అనే మాటను ఐదుసార్లు తెరమీద చూపడమే దాని పని. తెరమీద మాత్రం ఒక "వ", దాని పక్కన చెడిపోయిన గుర్తు ఒకటి, మళ్ళీ "వ", మళ్ళీ ఆ గుర్తు, ఇలా వరస తప్పకుండా పారుతూనే ఉన్నాయి. తప్పులు రెండున్నాయని అర్థమైంది. పెద్దది లూపుది కనుక ముందు దాన్ని పట్టుకున్నాము.

ఎన్నిసార్లు తిరగాలనే లెక్కను వాడు ఆర్‌సీఎక్స్ రిజిస్టరులో, అంటే ప్రాసెసరు లోపలి చిన్న నిల్వచోటులో, పెట్టాడు. లూప్ అనే ఆదేశం ఆర్‌సీఎక్స్‌నే ఒకటి చొప్పున తగ్గిస్తుంది కాబట్టి అది సహజమైన ఎంపికే. ప్రోగ్రాంను ఆపి ఆపి చూపే డీబగ్గరులో ఒక్కొక్క ఆదేశాన్నే నడిపించి చూడమన్నాను. కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయను, పిలిచే సిస్‌కాల్ ఆదేశానికి ముందు ఆర్‌సీఎక్స్‌లో 5 ఉంది. దాటిన వెంటనే హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా రాసే లెక్కలో) 401020 ఉంది, అంటే మన లెక్కలో 4198432. అది ఎక్కడి సంఖ్యో వాడికి అంతుపట్టలేదు. పక్కనే ఉన్న ఆదేశాల జాబితా చూపించాను: సిస్‌కాల్ తరువాతి ఆదేశం ఉన్న చిరునామా సరిగ్గా అదే. లూప్ దాన్ని ఒకటి తగ్గించి, సున్నా కాలేదని వెనక్కు దూకుతుంది, మళ్ళీ సిస్‌కాల్ అదే చిరునామాను అక్కడ పెడుతుంది. అది సున్నాకు చేరే ప్రసక్తే లేదు.

తప్పులో నాకూ వాటా ఉంది. విజయవాడ లెనిన్ సెంటరులో పాత పుస్తకాల దుకాణం నుంచి వాడికి అసెంబ్లీ పుస్తకం కొనిపెట్టింది నేనే. అది 32 బిట్ల కాలం నాటిది. అందులో కెర్నల్‌ను హెక్స్ 80వ నంబరు ఇంటరప్టుతో, అంటే నడుస్తున్న పనిని ఆపి ప్రాసెసరును కెర్నల్ వైపు మళ్ళించే సంకేతంతో, పిలుస్తారు. ఆ పద్ధతిలో ఫలితం వచ్చే ఈఏఎక్స్ తప్ప మిగిలిన రిజిస్టర్లు చెక్కుచెదరకుండా తిరిగి వస్తాయి. ఆ నమ్మకంతోనే వాడు ఆర్‌సీఎక్స్‌ను వదిలేశాడు. అంతకుముందు రోజు మరో ప్రయోగమూ చేశాడట: 64 బిట్ల పద్ధతిలో, తెరమీద రాయించే రైట్ అనే కెర్నల్ సేవకు ఉండే 1 అనే సంఖ్యను పెట్టి, పాత ఇంటరప్టుతో పిలిచాడు. ఏ దోషమూ చూపకుండా ప్రోగ్రాం నిశ్శబ్దంగా ముగిసింది. పాత పద్ధతిలో రైట్ సంఖ్య 4, 1 అంటే ఎగ్జిట్. ముగించమని అడిగితే కెర్నల్ ముగించింది, దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

మరి సిస్‌కాల్ ఆదేశం ఆర్‌సీఎక్స్‌ను ఎందుకు చెరిపేస్తుంది? పాత ఇంటరప్టు వచ్చినప్పుడు ప్రాసెసరు ఇంటరప్టుల పట్టికలోకి చూసి, అనుమతులు సరిచూసి, కెర్నల్ స్టాకుకు (తాత్కాలిక విలువలు పేర్చే మెమరీ భాగానికి) మారి, తిరుగు చిరునామా, ఫ్లాగులు (ప్రాసెసరు స్థితి గుర్తులు), పాత స్టాకు వివరాలు కలిపి ఐదు విలువలను అక్కడ భద్రపరుస్తుంది. ఇదంతా మెమరీతో పని, అందుకే నిదానం. సిస్‌కాల్‌ను రూపొందించినవారు మెమరీ జోలికే పోకూడదని నిశ్చయించుకున్నారు. మెమరీని ముట్టుకోకుండా తిరుగు చిరునామాను ఎక్కడ దాచాలి? కాగితం లేనివాడు అరచేతిలో రాసుకున్నట్టు, ప్రాసెసరు ఆ చిరునామాను ఆర్‌సీఎక్స్‌లోనూ, ఫ్లాగులను ఆర్11లోనూ రాసుకుంటుంది. అరచేతిలో అంతకుముందు ఉన్నది చెరిగిపోతుంది. మామూలు ఫంక్షన్‌కు నాలుగో విలువను ఆర్‌సీఎక్స్‌లో అందించే మనం, కెర్నల్‌కు మాత్రం ఆర్10లో అందించవలసి రావడానికీ కారణం ఇదే.

అటువైపు కెర్నల్ పరిస్థితి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఎక్కడికి దూకాలో ఎల్‌స్టార్ అనే ప్రత్యేక రిజిస్టరులో కెర్నల్ ముందే రాసి ఉంచుతుంది. ప్రాసెసరు అధికారస్థాయిని మామూలు ప్రోగ్రాంలకుండే 3 నుంచి కెర్నల్‌కుండే 0కు మార్చి అక్కడికి దూకుతుంది గాని, స్టాకును మార్చదు. అంటే ఆ మొదటి ఆదేశాల వేళ కెర్నల్ పూర్తి అధికారంతో నడుస్తున్నా, స్టాకు పాయింటరు మాత్రం మన ప్రోగ్రాం పెట్టిన చోటే, అది ఎంత పనికిమాలిన చోటైనా సరే, చూపుతూ ఉంటుంది. అందుకే ఆ క్షణంలో మామూలు ఇంటరప్టులు రాకుండా ఆపి ఉంచుతారు. స్వాప్‌జీఎస్ అనే ఆదేశంతో కెర్నల్ ఆ సీపీయూకు చెందిన తన సొంత సమాచారాన్ని అందుకుని, మన స్టాకు పాయింటరును పక్కన దాచి, తన స్టాకుకు మారి, మన రిజిస్టర్లన్నింటినీ అక్కడ పేర్చిన తరువాతే ఊపిరి పీల్చుకుంటుంది. 2018 జనవరిలో, మామూలు ప్రోగ్రాం కెర్నల్ మెమరీని చదవగలిగే మెల్ట్‌డౌన్ లోపం బయటపడినప్పటి నుంచి, ఆ లోపమున్న ప్రాసెసర్లపై పేజీ పట్టికలను (మెమరీ చిరునామాల పటాలను) మార్చుకోవడం కూడా ఈ మధ్యలోనే జరగవలసి వస్తోంది. ఆ తరువాత ఆర్‌ఏఎక్స్‌లో మనం పెట్టిన సేవ సంఖ్య హద్దులో ఉందో లేదో చూసి, తగిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. అలాంటి సంఖ్యే లేకపోతే మైనస్ 38 అనే దోషసంఖ్యను తిప్పి పంపుతుంది.

మనం ఇచ్చిన చిరునామాను కూడా కెర్నల్ నమ్మదు. రాయవలసిన మాట ఎక్కడుందో చెప్పే ఆర్‌ఎస్‌ఐలో చదవడానికి వీల్లేని చిరునామాను పెట్టి రైట్‌ను పిలిచి చూడమన్నాను. ప్రోగ్రాం కూలిపోతుందని మావాడు ఎదురుచూశాడు. కూలలేదు, ఆర్‌ఏఎక్స్‌లో చిరునామా చెల్లదని చెప్పే మైనస్ 14 వచ్చిందంతే. సీ భాషలో అయితే లైబ్రరీ ఈ సంఖ్యను మైనస్ 1గా మార్చి అసలు కారణాన్ని వేరేచోట పెడుతుంది. అసెంబ్లీలో ఆ మధ్యవర్తి ఉండడు, మనమే చూసుకోవాలి.

తిరిగి వచ్చే దారిలో సిస్‌రెట్ ఆదేశం ఆర్‌సీఎక్స్ నుంచి చిరునామాను, ఆర్11 నుంచి ఫ్లాగులను తీసుకుంటుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఆర్‌సీఎక్స్‌లో చెల్లని రూపంలోని చిరునామా ఉంటే, ఇంటెల్ ప్రాసెసర్లు అధికారం వదులుకోకముందే దోషాన్ని ప్రకటిస్తాయి, అప్పటికి స్టాకు మాత్రం మన ప్రోగ్రాంది అయిపోయి ఉంటుంది. 2012లో జెన్ (ఒకే యంత్రంపై పలు ఆపరేటింగ్ సిస్టంలను నడిపేది), ఫ్రీబీఎస్‌డీ (ఒక ఆపరేటింగ్ సిస్టం), విండోస్ ఈ కారణంగానే అత్యవసరంగా సవరణలు విడుదల చేయవలసి వచ్చింది. నన్నడిగితే కెర్నల్‌లోకి తెరిచే ఈ తలుపు కష్టమంతా లోపలికి వెళ్ళేటప్పటి కంటే బయటికి వచ్చేటప్పుడే ఎక్కువ.

మావాడు లెక్కను ఆర్‌బీఎక్స్‌లోకి మార్చి, లూప్ బదులు తగ్గించి దూకే రెండు ఆదేశాలు రాశాడు. కెర్నల్ ఆర్‌బీఎక్స్ జోలికి రాదు కనుక లూపు ఐదుసార్లకు బుద్ధిగా ఆగింది. ఇక మిగిలింది ఆ చెడిపోయిన గుర్తు. వి, జ, య, వా, డ అని లెక్కబెట్టి వాడు ఆర్‌డీఎక్స్‌లో పొడవు 5 అని పెట్టాడు. కెర్నల్‌కు అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. గుడి, దీర్ఘం విడివిడి సంకేతాలు కాబట్టి ఆ మాటలో ఏడు సంకేతాలున్నాయి, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు. మొదటి మూడు బైట్లకు "వ" వచ్చింది, తరువాతి రెండింటితో గుడి సగంలోనే తెగిపోయింది. పంక్తి ముగింపుతో కలిపి 22 అని పెట్టగానే విజయవాడ ఐదు పంక్తులుగా నిలిచింది. "మరి మన గుంటూరుకు ఎంత పెట్టాలి?" అన్నాడు. లెక్కబెట్టమన్నాను. వేళ్ళు ముడిచి లెక్కేసి, ఆ 22ను అలాగే ఉంచేశాడు.