కొడవలికి లేని టెన్షన్ సేబర్‌కు ఎందుకు?

హన్మకొండలో మాది ఆటవస్తువుల దుకాణం. బ్యాట్లు, షటిల్ కాక్‌లు ఎక్కడికి పంపినా ఎవరూ ఏమీ అడగరు. ఫెన్సింగ్, అంటే కత్తులతో ఆడే ఆట, దాని సామాన్లు పంపాలంటేనే తిప్పలు.

మొన్న మంచిర్యాలలో ఒక పీఈటీ సార్‌కు సేబర్లు (ఆ ఆటలో వాడే ఒక రకం కత్తులు) పంపుదామని కొరియర్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్ దగ్గరి పిల్లగాడు డబ్బా విప్పించి చూసి, "కత్తులు తీసుకోం అన్నా, కేసయితే నేను ఇరుక్కుంట" అన్నాడు. 88 సెంటీమీటర్ల బ్లేడు, చూస్తే భయమేస్తుంది మరి. వేలితో పొడుగునా రాసి చూపించాను. అంచుకు పదును లేదు, మొనను వెనక్కి మడిచి గుండీలా చేశారు. మొత్తం బరువు అరకిలో కూడా ఉండదు. అయినా వాడు వినలేదు.

వాణ్ని అని లాభం లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా తయారు చేసిందే ఆయుధం. ఇంటి పనికో, సాగు పనికో మాత్రమే చేసిన వస్తువులకు అక్కడే మినహాయింపు ఉంది. లాఠీ, మామూలు చేతికర్ర పేర్లు కూడా రాశారు. పిల్లల బొమ్మల ప్రస్తావన ఉంది కానీ ఆటల ఊసే లేదు. అందుకే వరంగల్ బజార్లో గొంతు తెగేంత పదునున్న కొడవళ్లు రోడ్డు మీద కుప్ప పోసి అమ్మినా ఎవరూ అడగరు, మొద్దు సేబర్‌కు మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి.

నాకు దారి చూపించింది మా జీఎస్టీ చూసే అకౌంటెంట్. కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే ఏ సరుకుకు ఎంత సుంకమో చెప్పే పుస్తకంలో, 93వ అధ్యాయం ఆయుధాలది. దాని మొదట్లోనే విల్లు, బాణాలు, ఫెన్సింగ్ ఫాయిళ్లు (ఆ ఆటలోనే వాడే ఇంకో రకం కత్తులు) ఇక్కడికి రావు, 95వ అధ్యాయంలో చూడండి అని రాసి ఉంది. అది ఆటవస్తువుల అధ్యాయం. పన్ను పుస్తకం ఆయుధాల చట్టాన్ని మార్చదు, నిజమే. కానీ బిల్లు మీద ఆ అధ్యాయంలోని ఆట సామాన్ల కోడ్ 9506 అని కనబడేసరికి ఆ కొరియర్ ఆఫీసు మేనేజర్ మెత్తబడ్డాడు. డబ్బా పొడుగని చార్జీ మాత్రం గట్టిగానే గుంజాడు.

బ్రిటన్‌లో 2019లో ఆఫెన్సివ్ వెపన్స్ చట్టం తెచ్చి, ఆన్‌లైన్లో కొన్న పదునైన వస్తువులను ఇళ్లకు చేర్చడంపై ఆంక్షలు పెట్టారు. ఆటకో, పాతకాలపు యుద్ధాల ప్రదర్శనకో తయారైన వస్తువైతే అమ్మినవాడు ఆ కారణం చూపి బయటపడే వీలు కూడా అందులోనే పెట్టారు. మన చట్టంలోనూ అలాంటి ఒక్క ముక్క ఉంటే నాకు ఇంత పంచాయితీ ఉండేది కాదు.

అప్పటిదాకా ఆర్డరిచ్చే సార్లకు ఒక మనవి. బడి లెటర్‌హెడ్ మీద ఏ పరికరాలు, ఎన్ని, ఎవరి సాధన కోసమో రాసి, స్టాంపు వేసి పంపండి. బిల్లుతో పాటు డబ్బా పైనే అంటిస్తాను.